యంత్రం కాదంటే ఎవరిని అడగాలి?

(కృత్రిమ మేధ, మానవాభివృద్ధి, సామాజిక సమానత అనే అంశంపై అనంతపురంలో విద్యార్థులు, ఉపాధ్యాయులు, సామాజిక కార్యకర్తలు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలు అతిథులకు వదిలి వెనక సర్దుకుని కూర్చున్న విద్యార్థులకు నమస్కారం.

కృత్రిమ మేధ మీద ఈ మధ్య జరుగుతున్న సభల్లో ఎక్కువగా రెండు రకాల ప్రసంగాలే వినబడుతున్నాయి. మన కష్టాలన్నీ ఇక గట్టెక్కినట్లేనని ఒకరు చెబుతారు, ఉన్న ఉద్యోగాలన్నీ ఊడిపోతాయని ఇంకొకరు భయపెడతారు. రెండింటిలోనూ యంత్రానిదే పెద్దపీట, మనిషి దాని ఎదుట చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు. యంత్రానికీ, దాని లెక్క ఎవరి బతుకు మీద పడుతుందో ఆ మనిషికీ నడుమ ఇంకొకరు ఉంటారు. గ్రామంలో వ్యవసాయ సహాయకుడు, అంగన్‌వాడీ కార్యకర్త, ఆసుపత్రిలో నర్సు, బడిలో పంతులు, సచివాలయంలో ఉద్యోగి. నేను ఈ రోజు మాట్లాడదలచుకున్నది ఆ నడుమ మనిషి గురించి. కృత్రిమ మేధ మేలు చేసిన చోట్ల ఆ మనిషి ఉన్నాడనీ, కీడు చేసిన చోట్ల ఖర్చు కలిసొస్తుందని ముందుగా ఆ మనిషినే తప్పించారనీ నా అభిప్రాయం. అది ఎంతవరకు నిజమో నేను చెప్పబోయే ఉదాహరణలను బట్టి మీరే తేల్చండి.

మొదట మానవాభివృద్ధి అంటే ఏమిటో రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. ఒక దేశం ఎంత సంపాదించింది అన్న ఒక్క లెక్కతో ఆ దేశపు మనుషులు ఎలా ఉన్నారో తెలియదని వాదించి, పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్, మన అమర్త్య సేన్ వంటి వారి తోడ్పాటుతో 1990లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ తరఫున మొదటి మానవాభివృద్ధి నివేదికను వెలువరించారు. ఆయుర్దాయం, చదువు, ఆదాయం అనే మూడింటినీ కలిపి లెక్కగట్టే సూచిక అప్పటి నుంచి వాడుకలో ఉంది. 2025లో వచ్చిన నివేదిక పూర్తిగా కృత్రిమ మేధ మీదే వచ్చింది. అందులో 193 దేశాల్లో మన దేశానిది 130వ స్థానం, సూచిక విలువ 0.685. అందరూ చూసే అంకె ఇదే. నన్ను ఆపింది దాని పక్కనున్న ఇంకొక అంకె. దేశంలోని అసమానతలను లెక్కలోకి తీసుకుంటే మన సూచికలో 30.7 శాతం కోత పడుతుందని ఆ నివేదిక చెప్పింది. అంటే సాధించిన అభివృద్ధిలో దాదాపు మూడో వంతు పంపకం సరిగ్గా లేకపోవడం వల్లనే చేజారిపోతోంది. అటువంటి దేశంలోకి, అటువంటి దేశంలోనూ వెనుకబడిన సీమ లాంటి ప్రాంతంలోకి కొత్త సాధనం ఏది వచ్చినా అది ఉన్న వాడి చేతికే ముందు అందుతుంది. కాబట్టి ఆ సాధనం ఎంత గొప్పది అనే విచారణ కంటే అది ఏ దారిన వస్తోంది, దారిలో ఎవరెవరిని దాటుకుని వస్తోంది అనే విచారణ మనకు ముఖ్యం.

మన పక్క జిల్లాలోనే జరిగిన ఒక ప్రయోగంతో మొదలుపెడతాను. కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 2016 ఖరీఫ్‌లో మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ సంస్థలు రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఏడు గ్రామాల్లో 175 మంది వేరుశనగ రైతులతో ఒక పని చేశాయి. దేవనకొండ ప్రాంతపు 1986 నుంచి 2015 వరకు ముప్పై ఏళ్ల వాతావరణ వివరాలు తీసుకుని, నేలలో పదును ఏ వారంలో విత్తనానికి సరిపోతుందో కంప్యూటర్ చేత లెక్కకట్టించారు. అక్కడి రైతులు మామూలుగా జూన్ మొదటి వారంలో, తొలి వాన పడగానే విత్తనం వేస్తారు. ఆ ఏడాది మాత్రం జూన్ నెలాఖరు దాకా ఆగమని, 25వ తేదీ ప్రాంతంలో వేయమని యంత్రం చెప్పింది. ఆ మాట రైతుకు చేరింది తెలుగులో, మామూలు బటన్ ఫోనుకు వచ్చే సందేశంగా. పొలంలో ఏ పరికరమూ పాతలేదు, రైతు చేత పైసా ఖర్చు పెట్టించలేదు. విత్తన శుద్ధి మొదలు, ఎంత లోతున విత్తాలి, కలుపు ఎప్పుడు తీయాలి, కాయలు నీడన ఎలా ఆరబెట్టాలి అనే వాటి దాకా మొత్తం పది సలహాలు ఆ పంటకాలంలో వెళ్లాయి. సలహా పాటించిన వారికి సగటున 30 శాతం దిగుబడి పెరిగిందని నిర్వాహకులు ప్రకటించారు. మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్, కర్ణాటకల్లో మూడు వేలకు పైగా రైతులకు, మరికొన్ని పంటలకు ఆ పనిని విస్తరించారు.

ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే జిల్లాలో కూర్చుని ఈ మాట వింటున్న మనకు ఆ 30 శాతం ఎంత పెద్ద అంకెయో ఎవరూ చెప్పనక్కరలేదు. ఇది ఒక్క పంటకాలంలో, 175 మందితో తేలిన ఫలితమనే ఎరుకతోనే దాన్ని మెచ్చుకోవాలి. అయితే నేను దీన్ని ఎత్తుకున్నది మెచ్చుకోవడానికి మాత్రమే కాదు. జూన్ 25 అంటే మన లెక్కలో ఆరుద్ర కార్తె. మృగశిరకు తొందరపడకుండా ఆరుద్ర దాకా ఓపిక పట్టాలని పది ఎకరాల సొంత నేల, ఇంట్లో విత్తనం, కొట్టంలో ఎద్దులు ఉన్న రైతుకు చెబితే అతను ఆగగలడు. కౌలుకు మూడెకరాలు తీసుకుని, ట్రాక్టరు బాడుగకు పిలిచేవాడు మాత్రం, ట్రాక్టరు తన వంతుకు ఎప్పుడు వస్తే అప్పుడే విత్తాలి. ఆ వారం దాటితే మళ్లీ దొరకదు. విత్తనం అప్పు మీద తెచ్చినవాడికి అంగడి వాడి ఒత్తిడి ఒకటి. సలహా ఇద్దరికీ ఒకే రోజు, ఒకే అక్షరాలతో చేరింది, దాన్ని అమలు చేసే స్తోమత మాత్రం ఇద్దరికీ ఒకటి కాదు. అమర్త్య సేన్ చెప్పిన మానవాభివృద్ధి మర్మం ఇక్కడే ఉంది. చేతికి వచ్చిన వస్తువును, సమాచారాన్ని తన బతుకులో మేలుగా మార్చుకోగల శక్తి మనిషికి ఉందా లేదా అన్నది ఆయన చూడమన్నారు. ఆ సందేశాల వెనక మెట్ట పంటల మీద దశాబ్దాలుగా పని చేస్తున్న పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఉన్నారు కాబట్టి అవి పొలానికి పనికొచ్చే మాటలయ్యాయి. వాటి ముందర, ట్రాక్టర్లను గ్రామంలో వంతుల వారీగా సర్దగల, విత్తనం సకాలంలో ఇప్పించగల మనిషి ఇంకొకరు కూడా ఉంటే కౌలు రైతు కూడా ఆరుద్ర దాకా ఆగగలిగేవాడు. యంత్రానికి పెట్టే ఖర్చు అందరికీ కనబడుతుంది కానీ ఈ ఖర్చు ఏ పద్దులోనూ కనబడదు.

వైద్యంలోనూ ఇదే సంగతి. చక్కెర వ్యాధి వల్ల కంటి రెటీనా దెబ్బతినడాన్ని ఫొటో చూసి పసిగట్టే పద్ధతిని గూగుల్ పరిశోధకులు మదురై అరవింద్, చెన్నై శంకర నేత్రాలయ ఆసుపత్రుల తోడ్పాటుతో అభివృద్ధి చేసి 2016లో ప్రకటించారు. నిపుణులైన కంటి వైద్యులతో సమానంగా అది గుర్తించింది. కంటి డాక్టరు మొహం చూడాలంటే వంద కిలోమీటర్లు పోవాల్సిన పల్లెలకు ఇంతకంటే మేలు ఏముంటుంది? ఆ యంత్రాన్నే థాయ్‌లాండ్‌లోని 11 చిన్న ఆసుపత్రులకు తీసుకువెళ్లినప్పుడు అసలు కష్టం బయటపడింది. గది చీకటిగా లేకపోవడం వంటి కారణాలతో ఫొటోలు సరిగ్గా రాలేదని యంత్రం ఐదింట ఒకటికి పైగా తిప్పికొట్టింది. నర్సు చూస్తే ఏ రోగమూ లేదని తెలిసిపోయే ఫొటోను కూడా యంత్రం వద్దంటే, ఆ రోగి పని మానుకుని ఇంకో రోజు పెద్దాసుపత్రికి పోవాల్సి వచ్చింది. 2020లో ఆ సంగతిని రాసి బయటపెట్టింది కూడా గూగుల్ పరిశోధకులే, అందుకు వారిని మెచ్చుకోవాలి. యంత్రం గొప్పదే, అయినా గదికి కర్టెన్ వేయించే అధికారం, యంత్రం మాటను కాదనే అధికారం నర్సుకు ఉన్నప్పుడే ఆ గొప్పతనం రోగి దాకా వస్తుంది.

చదువు దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఇక్కడ కూర్చున్న వారిలో సగం మంది ఇప్పటికే సెమినార్ పేపర్లను ఏ సాయంతో రాస్తున్నారో మీ లెక్చరర్లకు తెలుసు, నాకూ తెలుసు. తుర్కియేలో దాదాపు వెయ్యి మంది ఉన్నత పాఠశాల విద్యార్థులతో గణితం మీద ఒక పరిశోధన జరిగింది, దాని ఫలితాలు 2024లో వచ్చాయి. అడిగినదానికి నేరుగా జవాబు చెప్పే చాట్‌జీపీటీ లాంటి సాధనాన్ని కొందరికి ఇచ్చారు. అభ్యాసంలో వాళ్ల మార్కులు 48 శాతం పెరిగాయి. ఆ సాధనాన్ని పక్కన పెట్టించి పరీక్ష పెడితే, అసలు దాన్ని ముట్టుకోని పిల్లల కంటే 17 శాతం తక్కువ వచ్చాయి. ఇంకొక గుంపుకు ఇచ్చిన సాధనం జవాబు చెప్పదు, పిల్లవాడు ఎక్కడ తడబడుతున్నాడో చూసి దారి మాత్రం సూచిస్తుంది. ఆ సూచనలను ఉపాధ్యాయులు కూర్చుని తయారుచేశారు. ఆ పిల్లలు అభ్యాసంలో ఇంకా బాగా చేశారు, పరీక్షలోనూ నష్టపోలేదు. వెనకనున్న యంత్రం రెండు గుంపులకూ ఒకటే. ఒకదాని నడుమ పంతులు ఉన్నాడు, ఇంకొకదాని నడుమ లేడు.

మన రాష్ట్ర విద్యాశాఖ కొన్నేళ్ల కిందట మైక్రోసాఫ్ట్ సాయంతో ఏ పిల్లలు బడి మానేసే ప్రమాదం ఉందో ముందే పసిగట్టే ఏర్పాటు చేసింది. ఆడపిల్లా మగపిల్లవాడా, ఇంటి ఆర్థిక స్థితి, మార్కులు, బడిలో వసతులు వంటి వివరాలను బట్టి యంత్రం పేర్లు చెబుతుంది. మంచి ఆలోచనే. కోసిగి, కౌతాళం వైపు పల్లెల్లో సుగ్గికి, అంటే పనుల కాలంలో వలస కూలికి పోయే కుటుంబాల్లో ఏ పిల్ల బడి మానేస్తుందో చెప్పడానికి అక్కడి పంతులుకు యంత్రం అక్కర్లేదు. పత్తి, మిరప పనులకు అమ్మానాన్న గుంటూరు వైపు బయలుదేరితే చంటిబిడ్డను చూసుకోవడానికి పెద్దపిల్ల వాళ్ల వెంట పోవాలి. ఆ సంగతి ఊరందరికీ తెలిసిందే. పంతులుకు కావలసింది ఆ పిల్లను ఆపుకునే ఉపాయం, అంటే ఆ కొన్ని నెలలు నడిచే ఒక హాస్టలు, రాత్రి తోడుండే ఒక మనిషి, వంటకు బియ్యం. జాబితా తయారైన రోజున పని పూర్తయినట్లు భావించడమే పాలనలో కృత్రిమ మేధ తెచ్చిపెట్టే మొదటి జబ్బు.

ఉద్యోగాల సంగతి చెప్పకుండా దిగిపోతే ఇంజినీరింగ్ పిల్లలు నన్ను వదలరు. ఇక్కడి నుంచి నాలుగు గంటల ప్రయాణంలో బెంగళూరు ఉంది. సీమ పల్లెల్లో మొదటి తరం చదువుకున్న పిల్లలకు ఇరవై ఐదేళ్లుగా ఆ ఊరే పెద్ద దిక్కు. మొదటి ఉద్యోగం కాల్ సెంటర్లోనో, టెస్టింగ్‌లోనో దొరికితే చాలు, అక్కడి నుంచి మెట్లు ఎక్కవచ్చని ఆశ. ఒక పెద్ద అమెరికా కంపెనీకి పనిచేసే ఐదు వేల మందికి పైగా కస్టమర్ సపోర్టు ఉద్యోగుల మీద జరిగిన ఒక పరిశోధన ప్రకారం, ఏం జవాబు చెప్పాలో పక్కనుంచి సూచించే కృత్రిమ మేధ సాధనం ఇచ్చినప్పుడు మొత్తం మీద పని సుమారు 14 శాతం పెరిగింది. కొత్తవాళ్ల పని 34 శాతం పెరిగితే, ఆరితేరిన వాళ్లకు పెద్దగా ఒరిగింది లేదు. ఎందుకంటే ఆ సాధనం నేర్చుకున్నదే ఆరితేరిన వాళ్ల సంభాషణల నుంచి. వాళ్ల నేర్పు కొత్తవాళ్లకు పంచబడింది. సమానత కోరేవాళ్లకు ఇది సంతోషించదగ్గ విషయమే, అయితే నేర్పిన వాళ్లకు ఆ నేర్పు కోసం విడిగా ముట్టినదేమీ లేదని కూడా గమనించాలి. 2025 ఆగస్టులో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంకొక సంగతి చెప్పారు. అమెరికాలో కృత్రిమ మేధ తాకిడి ఎక్కువగా ఉన్న వృత్తుల్లో 22 నుంచి 25 ఏళ్ల వారి ఉద్యోగాలు ఇతరులతో పోలిస్తే 13 శాతం తగ్గాయి. కొత్తవాడికి సాయం చేసే సాధనమే కొత్తవాడిని తీసుకోవలసిన అవసరాన్నీ తగ్గిస్తోందన్నమాట. తండ్రి ఇంజినీరయిన పిల్లవాడికి మొదటి మెట్టు లేకపోయినా రెండో మెట్టు మీదికి చేయి పట్టి లాగే బంధువులు ఉంటారు. ధర్మవరం మగ్గం ముందు కూర్చున్న తండ్రి కొడుక్కి ఆ మొదటి మెట్టే దిక్కు. దీనికి నా దగ్గర మంత్రం లేదు. కంపెనీలు కొత్తవాళ్లకు శిక్షణ ఇచ్చే ఖర్చును మానుకుంటే, ఆ ఖర్చు ప్రభుత్వమో విశ్వవిద్యాలయాలో మోయాలి, లేదా ఆ శిక్షణను కంపెనీల చేత చట్టపరంగా చేయించాలి. మధ్యే మార్గం నాకైతే కనబడటం లేదు.

భాష దగ్గర ఇంకొక అసమానత ఉంది. ఇది డబ్బుకు సంబంధించినది కూడా. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8.11 కోట్ల మంది. కంప్యూటర్లో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ విడివిడిగా మూడేసి బైట్లు కావాలి. ‘క్షే’ అని రాస్తే మన కంటికి ఒకటే అక్షరం, కంప్యూటరుకు అది 12 బైట్లు. కృత్రిమ మేధ సాధనాలు రాతను ముక్కలుగా కోసుకుని, ముక్కల లెక్కన ధర కడతాయి. వాటికి ఇంగ్లీషు నేర్పినంతగా తెలుగు నేర్పలేదు కాబట్టి మన వాక్యం ఎక్కువ ముక్కలవుతుంది. అదే సంగతిని తెలుగులో అడిగితే ఎక్కువ ఖర్చు, ఎక్కువ ఆలస్యం, చాలాసార్లు తక్కువ నాణ్యత. రాయలేనివాళ్లు మాట్లాడి అడగవచ్చు కదా అంటారు. మాట్లాడితే యంత్రానికి టీవీ వార్తల తెలుగు బాగా తెలుసు, కళ్యాణదుర్గం రైతు తెలుగు అంతగా తెలియదు. 2022లో కేంద్రం మొదలుపెట్టిన భాషిణి, మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్ పరిశోధన కేంద్రం ఈ లోటు తీర్చడానికి రకరకాల జిల్లాల నుంచి మాటలు సేకరిస్తున్నాయి. మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు ఈ పనిలోకి దిగాలి. దిగేటప్పుడు, గొంతు ఇచ్చిన మనిషికి గంటకు ఇంత అని డబ్బు ముట్టజెప్పాలి, దాన్ని దేనికి వాడతారో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. సి.పి. బ్రౌన్ కడపలో తన బంగళాలో పండితులకు జీతాలిచ్చి కూర్చోబెట్టి తాళపత్రాలను పరిష్కరింపజేశాడు. రెండు వందల ఏళ్ల కిందటి ఆ పాటి మర్యాద ఇప్పటి కంపెనీల నుంచి కోరడం అత్యాశ కాదు.

ఇక కీడు జరిగిన చోట్లకు వస్తాను. ఇందులో కొంచెం ఎక్కువసేపు నిలబడతాను. పొరుగున తెలంగాణలో సుమారు 19 లక్షల రేషన్ కార్డులను కంప్యూటర్ విశ్లేషణ మీద ఆధారపడి, కార్డుదారులకు నోటీసు కూడా ఇవ్వకుండా రద్దు చేశారన్న పిటిషన్‌ను విని, సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఆ కార్డులన్నిటినీ క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని ఆదేశించింది. రకరకాల ప్రభుత్వ శాఖల్లోని వివరాలను కలిపి, ఫలానా మనిషికి కారు ఉందా, భూమి ఉందా, కరెంటు బిల్లు ఎంత వస్తోంది అని యంత్రం చేత పోల్చి చూపించే ఏర్పాట్లలో తప్పు ఎక్కడ దొర్లుతుందో మీకు దగ్గర నుంచి చూపిస్తాను. మన వైపు ఓబులేసు అనే పేరు ఊరికి నలుగురికి ఉంటుంది. ఆధార్‌లో అది ఇంగ్లీషులో ఒక రకంగా, పట్టాదారు పాసు పుస్తకంలో ఇంకో రకంగా, బ్యాంకులో మూడో రకంగా ఉంటుంది. అక్షరాలు అటూ ఇటూ అయినా ఒకే మనిషిగా గుర్తించేలా యంత్రాన్ని తయారుచేస్తారు, చేయకపోతే అసలు పని జరగదు. అలా తయారుచేసినందువల్లనే, తండ్రి పేరు కూడా కలిసిన ఇంకొక ఓబులేసు కారు ఈ ఓబులేసు ఖాతాలో పడుతుంది. వీడు ఆ కారుకు డ్రైవరు అయినా కావచ్చు. వీఆర్వో అయితే వీధిలోకి వచ్చి ఇల్లు చూసిన మరుక్షణం తేలిపోయే సంగతి అది. ఆ వీఆర్వోను నడుమ నుంచి తీసేసి, జాబితాను నేరుగా రద్దు ఉత్తర్వుగా మార్చినప్పుడు, తాను పేదవాడినని నిరూపించుకునే బరువు ఓబులేసు మీద పడింది. లేని కారు తనకు లేదని రుజువు చేయడానికి ఏ ఆఫీసులో ఏ కాగితం ఇస్తారో చెప్పండి.

ఇది మన వెనుకబాటుతనం వల్ల వచ్చిన తప్పని అనుకోవద్దు. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2016 నుంచి కొన్నేళ్ల పాటు, సాయం పొందుతున్న పేదల ఏడాది ఆదాయాన్ని రెండు వారాలకు సగటు కట్టి, ఆ సగటుకూ వాళ్లు చెప్పిన ఆదాయానికీ తేడా ఉంటే అప్పు పడ్డారని నోటీసులు పంపింది. దాన్ని కృత్రిమ మేధ అనడం కూడా ఎక్కువే, అది బడిపిల్లలు చేసే సగటు లెక్క. నాలుగు నెలలు పని దొరికి ఎనిమిది నెలలు ఖాళీగా ఉండే మనిషి ఆదాయం సగటులో కనబడదని మన కూలి వాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు. 2023లో రాయల్ కమిషన్ అనే అక్కడి విచారణ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం విషయంలో వేల కుటుంబాలను మోసగాళ్లుగా ముద్రవేసిన వ్యవహారంలో 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది. ఆ ఎంపికలో రెండు దేశాల పౌరసత్వం ఉండటాన్ని కూడా అనుమానపు గుర్తుగా వాడుకున్నారు. ధనిక దేశాల్లో కోర్టులు, పత్రికలు, కమిషన్లు ఉండి కూడా తప్పు బయటపడటానికి ఏళ్లు పట్టింది. ఓబులేసుకు ఉన్నది ఒక్క సచివాలయం మెట్లే.

మొహం చూసి గుర్తుపట్టే పద్ధతి ఇంకొకటి. 2018లో జాయ్ బూలమ్‌విని, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు పరిశోధకురాళ్లు మూడు కంపెనీల సాధనాలను పరీక్షించారు. ఫొటోలో ఉన్నది ఆడమనిషా మగమనిషా అని చెప్పడంలో తెల్లని చర్మం గల మగవారి విషయంలో తప్పులు 0.8 శాతానికి మించలేదు, నల్లని చర్మం గల ఆడవారి విషయంలో ఒక సాధనం 34.7 శాతం దాకా తప్పింది. ఆ తరువాత కంపెనీలు వాటిని బాగుచేసుకున్నాయి. ఎవరో పరీక్షించి వేలెత్తి చూపారు కాబట్టే బాగుచేసుకున్నాయి. మన అంగన్‌వాడీల్లో ఇంటికి ఇచ్చే పోషకాహారానికి 2025 జూలై 1 నుంచి ముఖ గుర్తింపు తప్పనిసరి అయింది. దొంగ పేర్లు పోవాలన్న ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. దానికి ఏమేం కావాలో చూడండి. కార్యకర్త చేతిలో బాగా పనిచేసే ఫోను, ఆ పల్లెలో సిగ్నలు, మొదట నమోదు చేసేటప్పుడు ఓటీపీ రావడానికి తల్లి ఆధార్‌కు కలిపిన ఫోను నంబరు. ఆ నంబరు భర్తది, ఆ ఫోను భర్త జేబులో బెంగళూరులో ఏదో కట్టడం పనిలో ఉంటే, పల్లెలో బాలింత ఎదురుచూడాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. ఇంటికి ఒక స్మార్ట్ ఫోను ఉన్నదనే లెక్కతో పథకాన్ని గీసేవాళ్లకు, ఇంట్లో ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటుందో తెలిసినట్లు లేదు. యంత్రం గుర్తుపట్టని రోజున, ఈ తల్లి నాకు తెలుసు, గుడ్లు ఇచ్చి పంపుతున్నాను, బాధ్యత నాది అని రాసి సంతకం చేసే హక్కు కార్యకర్తకు ఉండాలి. ఊరంతటినీ పేరుపేరునా ఎరిగిన మనిషికి ఆ పాటి నమ్మకం ఇవ్వకుండా ఫోను కెమెరాను నమ్మడం ఏ లెక్కన న్యాయమో నాకు బోధపడదు.

దీనికి విరుగుడు ఎక్కడో వెతకనక్కరలేదు, మన జిల్లాలోనే ఉంది. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని దేశానికంతటికీ ప్రారంభించారు. ఆ చట్టం 17వ సెక్షన్ గ్రామసభ చేత సామాజిక తనిఖీ జరగాలంది. చాలా రాష్ట్రాలు దాన్ని కాగితం మీద వదిలేసినప్పుడు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నిజంగా చేసి చూపించింది, 2009లో దానికి ప్రత్యేక సంస్థను కూడా నెలకొల్పింది. పద్ధతి ఎంతో సాదా. కంప్యూటర్లో ఉన్న మస్టర్ రోల్‌ను, అంటే కూలీల హాజరు పట్టీని అచ్చువేసి, ఇంటింటికీ తిరిగి, ఫలానా వారం నువ్వు ఆరు రోజులు పని చేసినట్లు, ఇంత కూలి తీసుకున్నట్లు రాసి ఉంది, నిజమేనా అని అడిగారు. తరువాత అందరూ చూస్తుండగా పైకి చదివారు. చచ్చిపోయిన వాళ్ల పేరు మీద కూలి పడిన సంగతులు, చేయని పనికి బిల్లులు అయిన సంగతులు అలా బయటపడ్డాయి. అక్షరం రాని మనిషి కంప్యూటర్ లెక్కను ప్రశ్నించగలిగింది ఆ వేదిక ఉన్నందువల్ల.

ఈ పద్ధతినే కృత్రిమ మేధతో నడిచే ప్రతి సంక్షేమ పథకానికీ పెట్టాలని నేను కోరుతున్నాను. యంత్రం ఎవరిని అనర్హులన్నదో ఆ జాబితాను అమలుకు ముందే గ్రామసభలో చదవాలి. ప్రతి పేరు పక్కన కారణాన్ని తెలుగులో రాయాలి, ‘సిస్టమ్‌లో రిజెక్ట్ అయింది’ అనే మాటను కారణంగా ఒప్పుకోకూడదు. అభ్యంతరం వచ్చిన పేరును ఒక ఉద్యోగి ఇంటికి పోయి చూసి తేల్చేదాకా పాత సాయం ఆగకూడదు. జాబితాలో ఎన్ని పేర్లు తప్పని తేలాయో ఏటా మండలం వారీగా ప్రకటించాలి, యంత్రాన్ని అమ్మిన కంపెనీ బిల్లును ఆ అంకెతో ముడిపెట్టాలి. ఐరోపా సమాఖ్య 2024లో తెచ్చిన కృత్రిమ మేధ చట్టం ఇలాంటి ప్రభుత్వ సాయాల ఎంపికను ప్రమాదం ఎక్కువగా ఉన్న వాడకంగా వర్గీకరించి మనిషి పర్యవేక్షణ తప్పనిసరి చేసింది. మనకు 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమాచారం గురించి మాట్లాడుతుంది కానీ, యంత్రం ఇచ్చిన నిర్ణయానికి కారణం చెప్పమని అడిగే హక్కు గురించి అందులో స్పష్టంగా లేదు.

ఇదంతా చేయడానికి డబ్బు ఎక్కడిదని అడుగుతారు. ఉపాధి హామీలో సామాజిక తనిఖీ కోసం మొత్తం ఖర్చులో 0.5 శాతం దాకా విడిగా ఇచ్చే ఏర్పాటు ఉండేది. ఇండియా ఏఐ మిషన్‌కు కేంద్ర మంత్రివర్గం 2024 మార్చిలో సుమారు 10,372 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అందులో అర శాతం అంటే దాదాపు 52 కోట్లు. యంత్రాలు కొనే డబ్బులోంచి ఆ మాత్రం తీసి, జాబితా పట్టుకుని వీధుల్లో తిరిగే మనుషుల జీతాలకు పెట్టమని అడుగుతూ, ఈ సభ తరఫున ఒక తీర్మానం రాసి మన పార్లమెంటు సభ్యులకు, జిల్లా కలెక్టరుకు పంపాలని అధ్యక్షుల వారికి ప్రతిపాదిస్తున్నాను. తీర్మానంలో ఇంకేం చేర్చాలో మీలో ఎవరైనా చెప్పదలచుకుంటే మైకు ఇటు ఇస్తాను.